హ్యాకర్ల జాతరలో ఒక ప్రోగ్రామరు

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "కంప్యూటర్ల గురించి పిల్లలకి పనికొచ్చేలా ఒక ఇరవై నిమిషాలు మాట్లాడరా" అన్నారు. ముప్పై ఏళ్ళుగా ప్రోగ్రాములు రాసుకుని బతుకుతున్నవాణ్ణి. ఆ పని గురించి చెబితే భోజనాల వేళకు ముందే మీకు నిద్ర వస్తుంది. అందుకని 2015 ఆగస్టులో నేను చూసిన ఒక జాతర గురించి చెబుతాను. దానికి ముందు మన బడిలో జరిగిన ఒక సంగతి గుర్తు చెయ్యాలి. ఆ రెండిటికీ సంబంధం ఉంది.

మా రోజుల్లో నోటీసు పుస్తకం ఉండేది. హెడ్మాస్టరు గారు సంతకం పెడితే అటెండరు తాత దాన్ని క్లాసు క్లాసుకీ పట్టుకెళ్ళేవాడు. క్లాసులో ఉన్న మాస్టారు పైకి చదివి, పక్కన పొడి సంతకం పెట్టేవారు. ఎవరిదైనా వస్తువు పోతే ఆఫీసులో చీటీ తీసుకుని అందులో వస్తువు పేరు రాసివ్వాలి. గుమాస్తా గారు "ఈ కింది వస్తువు దొరికినవారు ఆఫీసునందు అప్పగించవలెను" అని రాసి, దాని కింద చీటీలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించేవారు. మేం తొమ్మిదో తరగతిలో ఉండగా మా బ్యాచివాడొకడు ఆ చీటీలో "నల్ల గొడుగు. ఈ రోజు మధ్యాహ్నం నుంచి బడికి సెలవు" అని రాసిచ్చాడు. ఆ రోజు గుమాస్తా గారు జీతాల బిల్లులతో సతమతమవుతున్నారు. ఎక్కించేశారు. హెడ్మాస్టరు గారు సంతకం పెట్టేశారు. మూడు క్లాసులు ఖాళీ అయి, పిల్లలు చెరువుగట్టు దాకా వెళ్ళాక గాని సంగతి బయటపడలేదు. ఆ మిత్రుడు ఇప్పుడు రెండో వరసలోనే ఉన్నాడు. పేరు చెప్పను, పక్కన మనవరాలు కూర్చుంది.

ఈ గొడుగు సంగతి గుర్తుంచుకోండి. మళ్ళీ వస్తాను.

జాతర పేరు డెఫ్‌కాన్. కంప్యూటర్లలోకి దొంగదారులు వెతికేవాళ్ళు ఏటా లాస్ వేగాస్‌లో కలుసుకునే సభ. 1993లో జెఫ్ మాస్ అనే కుర్రాడు ఓ వందమందితో మొదలుపెట్టాడు. నేను వెళ్ళేసరికి వేలల్లో జనం. అదే వారం అదే ఊళ్ళో బ్లాక్ హ్యాట్ అని ఇంకో సభ జరుగుతుంది. అది కోట్లు వేసుకున్నవాళ్ళది, కంపెనీలు టిక్కెట్లు కొని పంపేది. మా కంపెనీ నాకు ఆ టిక్కెట్టు కొనిపెట్టనంది. డెఫ్‌కాన్ అయితే అప్పట్లో రెండొందల చిల్లర డాలర్లతో అయిపోయేది. అప్పటికి మేం శాన్ హోసేలో ఉంటున్నాం. కారులో ఎనిమిది గంటల ప్రయాణం. ఆగస్టులో ఆ ఎడారి ఎండ ముందు మన రోహిణీకార్తె చిన్నబోతుంది.

బయల్దేరేటప్పుడు మా అబ్బాయి నాకు ఉగ్గుపాలతో చెప్పినట్టు చెప్పాడు: "నాన్నా, ఫోన్ ఆఫ్ చేసుకో. అక్కడి వైఫైకి కలపకు. ఆ చుట్టుపక్కల ఏటీఎంలో డబ్బు తియ్యకు." ఏటీఎం మాట అతిశయోక్తి అనుకున్నాను. తర్వాత తెలిసింది, 2009లో ఆ సభ జరిగిన హోటల్లోనే ఎవరో నకిలీ ఏటీఎం మిషను తెచ్చి పెట్టారట.

లోపలికి వెళ్ళేటప్పుడు పేరు అడగరు. అప్పట్లో కార్డు తీసుకునేవారు కాదు, నోట్లు మాత్రమే. నోట్లు లెక్కపెట్టుకుని మెడలో వేసుకునే బ్యాడ్జీ ఇచ్చేవారు. ఆ ఏడు బ్యాడ్జీ ఏమిటో తెలుసా? ఏడంగుళాల గ్రామఫోన్ రికార్డు! నిజంగా పాడే రికార్డు. మెడలో రికార్డు వేలాడేసుకుని, పేరూ ఊరూ లేకుండా, జుట్టుకి ఆకుపచ్చ రంగూ ఊదా రంగూ వేసుకున్న పిల్లల మధ్య నలభై ఆరేళ్ళ నేను, టక్ చేసుకున్న చొక్కాతో. తిరునాళ్ళలో తప్పిపోయిన పెద్దమనిషిలా ఉన్నానని మా ఆవిడ ఫొటో చూసి అంది.

జాతర అని ఊరికే అనడం లేదు. ఒక హాల్లో గోడ మీద పెద్ద తెర, దానికి గొర్రెల గోడ అని పేరు. అక్కడి వైఫై మీద రక్షణ లేకుండా లాగిన్ అయినవాళ్ళ పేర్లు, పాస్‌వర్డుల్లో కొన్ని అక్షరాలు ఆ తెర మీద పడుతుంటాయి. జనం చప్పట్లు కొడుతుంటారు. ఇంకోచోట తాళాలు తియ్యడం నేర్పే బల్లలు. వేరే గదిలో శబ్దం బయటికి రాని గాజు పెట్టె. పోటీలో ఉన్న మనిషి అందులో కూర్చుని ఏదో కంపెనీకి ఫోన్ చేస్తాడు. మర్యాదగా మాట్లాడుతూ అవతలివాళ్ళ చేత చెప్పకూడని విషయాలు చెప్పిస్తాడు. ప్రేక్షకులు వింటుంటారు. అందులో కంప్యూటర్ పని ఏమీ లేదు, ఉన్నదంతా గొంతే. రిటైరైన మా మాస్టార్లకి ఈ మధ్య "మీ పెన్షన్ ఆగిపోతుంది", "మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం" అని ఫోన్లు వస్తున్నాయని నిన్న రాత్రి విన్నాను. ఆ గాజు పెట్టెలో విన్న గొంతు అలాంటిదే, తొందర పెడుతుంది, లేకపోతే మరీ మర్యాదగా ఉంటుంది. ఫోన్ పెట్టేయండి. డబ్బు పోయినట్టయితే వెంటనే 1930కి చెయ్యండి. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో లేదు. ఇది దారిలో చెప్పాను, ఇక అసలు సంగతికి వస్తాను.

శనివారం నాడు చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరి ప్రసంగానికి వెళ్ళాను. మూడు వారాల ముందు అమెరికా అంతా వాళ్ళ పేర్లు మోగిపోయాయి. సెయింట్ లూయిస్ దగ్గర హైవే మీద ఒక విలేఖరి జీప్ చెరోకీ కారు నడుపుతున్నాడు. వీళ్ళిద్దరూ మైళ్ళ దూరంలో ఇంట్లో కూర్చుని, ల్యాప్‌టాప్ నుంచి ఆ కారు ఏసీ పెంచారు, రేడియో మోగించారు, అద్దం మీద నీళ్ళు చిమ్మారు. చివరికి గేర్లు పనిచెయ్యకుండా చేసేసరికి కారు హైవే మధ్యలో నెమ్మదించిపోయింది. విలేఖరి ఒప్పుకునే కూర్చున్నాడు. తర్వాత ఆ కంపెనీ 14 లక్షల వాహనాలకి రీకాల్ ప్రకటించింది.

అది ఎలా చేశారో వాళ్ళు మెట్టు మెట్టుగా చెప్పారు. కారులో పాటలకీ దారి చూపించడానికీ ఒక తెర ఉంటుంది కదా. దానికి సెల్‌ఫోన్ లాగే నెట్‌వర్కు కనెక్షన్ ఉంది. అందులో 6667 నంబరు తలుపు ఒకటి తెరిచి ఉంది. ఆ తలుపు దగ్గర పాస్‌వర్డు అడిగేవాడు లేడు, ఎవరు ఏ ఆజ్ఞ ఇచ్చినా తీసుకుంటుంది. ఆ మాట చెప్పగానే హాలంతా పగలబడి నవ్వింది. సరే, తెర చేతికి వచ్చింది. కాని బ్రేకులూ స్టీరింగూ వేరే తీగల మీద ఉంటాయి. తెరకీ ఆ తీగలకీ మధ్య ఒక చిన్న చిప్ ఉంది. అది కారు మాటలు వినాలే గాని మాట్లాడకూడదు. దాని ప్రోగ్రామ్ అలా రాశారు. ఈ ఇద్దరూ ఆ ప్రోగ్రామే మార్చి రాశారు. కొత్త ప్రోగ్రామ్ మీద కంపెనీ సంతకం ఉందా లేదా అని చిప్ చూడలేదు. మళ్ళీ నవ్వులు. ఇక ఆ తీగల సంగతి. 1980లలో బాష్ కంపెనీ తయారుచేసిన పద్ధతి అది. ఆ తీగ మీద వచ్చిన మాట ఎవరు పంపారో చూసే ఏర్పాటు అందులో లేదు. లోపలున్న వాళ్ళంతా మనవాళ్ళే అన్న నమ్మకం మీద కట్టింది. అప్పట్లో కారుకి బయటి ప్రపంచంతో సంబంధమే లేదు, వాళ్ళని ఏమంటాం?

చుట్టూ అందరూ నవ్వుతున్నారు. నాకు నవ్వు రాలేదు.

ఆ హాల్లో ఎక్కువమంది బద్దలు కొట్టేవాళ్ళు. నేను కట్టేవాణ్ణి. వాళ్ళకి తెరిచిన తలుపు కనిపించింది. నాకు ఆ తలుపు తెరిచి ఉంచిన మనిషి కనిపించాడు. ఎక్కడో ఒక ఆఫీసులో, శుక్రవారం సాయంత్రం, పరీక్షలు చెయ్యడానికి వీలుగా ఉంటుందని ఆ తలుపు తెరిచి, "విడుదలకి ముందు మూసెయ్యాలి" అని చీటీ రాసుకుని, ఆ చీటీ మర్చిపోయినవాడు. ఇది నా ఊహే, నిజంగా ఏం జరిగిందో నాకు తెలీదు. కాని ఆ చీటీలు నేను ఎన్ని రాసుకున్నానో నాకు తెలుసు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఇంతవరకు మా ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పలేదు. ఇవాళ మా మాస్టార్ల ముందు చెబుతున్నాను.

2008లో నేను హైదరాబాదులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. రక్తపరీక్షలు చేసే ఒక ల్యాబు కోసం వెబ్‌సైటు కట్టాం. పేషెంటు తన పేరూ రశీదు నంబరూ కొడితే రిపోర్టు కనిపించాలి. ఆ భాగం మొత్తం నేనే రాశాను. ఒక రోజు ఎవరో ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాడి దగ్గర నుంచి మెయిల్ వచ్చింది. "సార్, మీ సైటులో పేరు రాసే గడిలో ఒక కొటేషన్ గుర్తు, దాని తర్వాత ఇంకో రెండు మాటలు కొడితే అందరి రిపోర్టులూ వస్తున్నాయి. మా నాన్నగారి రిపోర్టు కోసం చూస్తుంటే తెలిసింది. నేనేమీ దాచుకోలేదు. సరిచెయ్యండి" అని.

ఇది గొడుగు చీటీయే. గడిలో పేరు ఒక్కటే ఉంటుందనుకుని, అందులో ఏం రాస్తే అది నా ప్రోగ్రామ్ తన ఆజ్ఞలో కలిపేసి డేటాబేసుకి చదివి వినిపిస్తోంది. పేరు తర్వాత ఆజ్ఞ రాస్తే ఆ ఆజ్ఞ కూడా నడుస్తుంది. దీనికి మందు అప్పటికే అందరికీ తెలుసు. ఆజ్ఞని ముందే విడిగా డేటాబేసుకి ఇచ్చేసి, గడిలోది వేరుగా పంపాలి. గుమాస్తా గారితో "చీటీలో ఏముంటే అది వస్తువు పేరే, అది ఎప్పటికీ నోటీసు కాదు" అని చెప్పి ఉంచినట్టు. అప్పుడు బడి మొత్తం వెతికేది "నల్ల గొడుగు ఈ రోజు మధ్యాహ్నం నుంచి బడికి సెలవు" అనే విచిత్రమైన వస్తువు కోసం. అలాంటిది దొరకదు, క్లాసులు నడుస్తాయి. నాకూ తెలుసు ఈ సంగతి. గడువు దగ్గర పడిందని అలా రాయలేదు.

ఆ మెయిలు చదివితే నాకు సిగ్గు వెయ్యాలి. కోపం వచ్చింది. వీడెవడు నా పని చూడడానికి అనిపించింది. మా మేనేజరు దగ్గరికి వెళ్ళి, "ఎవడో హ్యాక్ చేశాడండీ" అన్నాను. ఆ మాట వాడింది నేనే. ఇద్దరం కలిసి జవాబు రాశాం. అనుమతి లేకుండా మా కంప్యూటర్లోకి చొరబడడం 2000 ఐటీ చట్టం 66వ సెక్షను ప్రకారం నేరం, పోలీసులకి ఫిర్యాదు చేసే హక్కు మాకుంది, ఈ విషయం ఎక్కడైనా మాట్లాడితే పర్యవసానాలు తీవ్రంగా ఉంటాయి. ఇంగ్లీషు గట్టిగా ఉండాలని రెండుసార్లు దిద్దాను. కుర్రాడు మళ్ళీ రాయలేదు. మేం ఆ ఒక్క గడి బాగుచేశాం. అలాంటివి ఆ సైటులో ఇంకో ఆరు ఉన్నాయని నాకు తెలుసు, తర్వాత చూద్దామనుకున్నాను. కొన్ని నెలల తర్వాత ల్యాబుకి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "నాకు షుగరు ఎంతుందో మా ఇంట్లో వాళ్ళకే చెప్పలేదు. మందులమ్మేవాడెవడో ఫోన్ చేసి అంకెతో సహా చెబుతున్నాడు, ఎలా?" అని అడిగారు. ఆయన ఒక్కరే కాదు. రిపోర్టులు ఎప్పుడు పోయాయో, ఎవరు తీసుకుపోయారో మాకు తెలియలేదు. పేషెంట్లకి మేం చెప్పనూ లేదు. కంపెనీ వద్దంది, నేను గట్టిగా అడగలేదు.

మిల్లర్, వాలసెక్ తమ పరిశోధన సంగతి బయటపెట్టడానికి ముందు దాదాపు తొమ్మిది నెలలుగా ఆ కార్ల కంపెనీకి వివరాలు చెబుతూ వచ్చారు. అందుకే సరిచేసిన ప్రోగ్రామ్ ముందే సిద్ధమైంది. వాళ్ళిద్దరూ ఇందులో పేరున్నవాళ్ళు, వాళ్ళని ఎవరూ తేలిగ్గా బెదిరించలేరు. మాకు రాసినవాడు ఇరవై ఏళ్ళు కూడా నిండని పిల్లవాడు. మూడు రోజుల్లో పోలీసు మాట విన్నాడు.

ఆ సాయంత్రం తాళాల బల్ల దగ్గర కూర్చున్నాను. నేర్పే అమ్మాయికి ఇరవై, ఇరవై ఒకటి ఉంటాయి. చిన్న ఇనుప చువ్వతో తాళంలోని పిన్నులని ఒక్కొక్కటే ఎత్తాలి. చూపు అక్కర్లేదు, వేలి కొసకి తెలుస్తుంది. ఇరవై నిమిషాలు కుస్తీ పట్టాక నాది టక్కున తెరుచుకుంది. చిన్నపిల్లాడిలా గంతేశాను, ఒప్పుకుంటాను. మాటల్లో పెట్టి, "నువ్వు తప్పులు కనిపెడితే కంపెనీలకి రాస్తావా?" అని అడిగాను. "మూడుసార్లు రాశాను. ఒకరు థాంక్స్ చెప్పి టీషర్టు పంపారు. ఒకరు జవాబివ్వలేదు. మూడోవాళ్ళు లాయరు చేత రాయించారు" అంది. "మరి తర్వాత?" అన్నాను. "తర్వాత రాయడం మానేశాను. ఇప్పుడు ఎక్కడైనా చూస్తే చూసి ఊరుకుంటాను" అంది. అప్పుడు నేను ఆ అమ్మాయికి మా కుర్రాడి సంగతి మొత్తం చెప్పాను. ఊళ్ళో పేరు చెప్పకుండా తిరిగినందుకేనేమో, చెప్పడం తేలికయింది. ఆమె ఏమీ అనలేదు. నా ముందు నుంచి తెరిచిన తాళం తీసేసి, ఇంకొంచెం కష్టమైనది పెట్టింది. అది నేను తియ్యలేకపోయాను.

మనకి ఏడో తరగతిలో తెలుగు మాస్టారు ఉక్తలేఖనం చెప్పించి, పుస్తకాలు పక్కవాడితో మార్పించి దిద్దించేవారు. ఎవడి పుస్తకం వాడు దిద్దుకుంటే తప్పు కనపడదురా, రాసిన కన్నే కదా చూసేది అనేవారు. దిద్దినవాడి మీద ఎవరైనా అలిగితే ఇద్దరి చేతా మొదటినుంచీ రాయించేవారు. నేను చాలాసార్లు రాశాను. ఇప్పుడు నా దగ్గర పదకొండుమంది పనిచేస్తున్నారు. ఏ ప్రోగ్రామైనా బయటికి వెళ్ళేముందు, దాన్ని రాయని మనిషి ఒక రోజంతా కూర్చుని పాడుచెయ్యడానికి చూడాలి. మా సైటు అడుగున ఒక చిరునామా పెట్టించాను. తప్పు కనిపెట్టి చెప్పినవాళ్ళ మీద చర్య తీసుకోము, రెండు రోజుల్లో జవాబిస్తాము అని రాయించడానికి మా లాయర్లతో నాలుగు నెలలు పోరాడాల్సి వచ్చింది. మొదటి నెలలో వచ్చిన మెయిళ్ళలో ఒకటి నేను సొంతంగా రాసిన భాగం మీదే. మళ్ళీ కోపం వచ్చింది. ఒక పూట ఉంది, పోయింది.

లాస్ వేగాస్ నుంచి తిరిగొచ్చిన వారం పాత మెయిళ్ళు వెతికి ఆ కుర్రాడి చిరునామా పట్టుకున్నాను. ఏడేళ్ళయింది, అసలు అందుతుందో లేదో. తప్పు మాది, నువ్వు చెప్పింది నిజం, ఆ ఉత్తరం రాసింది నేను, క్షమించు అని నాలుగు వాక్యాలు, ఈసారి తెలుగులో. పదకొండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. "సార్, నమస్తే. ఆ మెయిల్ మా నాన్నగారు చూశారు. నాలుగు రోజులు అన్నం తినలేదు. కంప్యూటర్ అమ్మేశారు. నేను తర్వాత బ్యాంకు పరీక్షలు రాసి ఉద్యోగంలో చేరాను. బాగానే ఉన్నాను. మీరు మిగతా గళ్ళు కూడా సరిచేశారా? అప్పుడు ఇంకా ఆరు ఉన్నాయి" అని రాశాడు.

ఆరు అని సరిగ్గా లెక్క చెప్పాడు. అతనికి జవాబు రాశాను. అప్పటికి ఆ సైటే లేదు, ల్యాబు చేతులు మారింది. అదే రాశాను. అప్పటినుంచి ప్రతి సంక్రాంతికీ అతను మెసేజ్ పెడతాడు, నేనూ పెడతాను. ఆ విషయం మళ్ళీ ఇద్దరం ఎత్తలేదు.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. ఆ రికార్డు బ్యాడ్జీ ఇదిగో, తెచ్చాను. వెనక్కి పంపిస్తాను, పిల్లలు జాగ్రత్తగా అందిపుచ్చుకుని చూడండి. అందులో ఏదో పజిల్ దాచారు, నాకు అంతు చిక్కలేదు. ఆగస్టు పదిహేనుకి డ్రిల్లు మాస్టారు పాటలు పెట్టే మన రికార్డు ప్లేయరు ఇంకా స్టోరు రూములోనే ఉందని ఇందాక అటెండరు గారు చెప్పారు. సూది దొరికితే భోజనాలయ్యాక పెట్టుకుని విందాం. మీలో ఎవరికైనా అది విడిపోతే, నేను సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను, వచ్చి చెప్పండి.